మాటనిచ్చే డీకోడర్

అటక సర్దుతా ఉంటే ఈ పొద్దు మా పాత టీవీ కార్డు దొరికిందప్పా! ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కంప్యూటర్లో ఆ కార్డు పెట్టి టీవీ చూసిన రోజులు మీకూ గుర్తుండాయా?

అప్పుడు ఈ కన్నడ ఊర్లోనే, బళేపేటలో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. నా భార్య నర్సు, ఆదివారం కూడా డ్యూటీనే. అమ్మ లేని ఇంట్లో ఆరేండ్ల మా గ్రేసీ దిగులుగా కూచునేది. దాని కోసమే ఆ కార్డు పెట్టించినాను. బొమ్మ వచ్చింది గానీ మాట రాలేదు. తెర మీద వీడియో డీకోడర్, ఆడియో డీకోడర్ అని రెండు లిస్టులు, ఒక్కోదాంట్లో నాలుగైదు పేర్లు. ఏది ఎంచుకోవాలో నాకేం తెలుసు?

"డీకోడర్ అంటే ఏంది నాయనా?" అనింది గ్రేసీ.

"కన్నడంలో కొడు అంటే ఇయ్యి అని కదా పాపా! ఒకటి బొమ్మనిచ్చేది, ఒకటి మాటనిచ్చేది."

"అయితే మాటనిచ్చేది పిసినారిది!"

నేను ఒక్కో పేరూ మార్చి చూస్తా, తెర మీదోళ్ళ మాటలన్నీ సొంతంగా కల్పించి చెప్తా పోయినాను. అది పడీపడీ నవ్వింది. నాలుగో పేరు నొక్కితే మాట వచ్చేసింది! నేను గంతేసినాను. గ్రేసీ మాత్రం మూతి ముడిచింది.

"దాన్ని ఆపు నాయనా. నువ్వే చెప్పు."

ఇప్పుడు నా భార్య ప్రభువు దగ్గరికి పోయింది. గ్రేసీ కుందలహళ్ళిలో కాపురముండాది. కొన్ని మధ్యాన్నాలు నేను టీవీ సౌండు ఆపేసి, అందరి మాటలూ నేనే చెప్తా ఉంటాను. నవ్వేవాళ్ళు లేకపోయినా, ఒక్కోసారి బాగానే కుదురుతాది.