చీకటి అలవాటే

నా మూలంగా ఒక పెద్దావిడ కుంటిదైంది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడకి కూడా తెలియదు. ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మోయడమంటే రోజూ ఏడుస్తూ కూర్చున్నానని కాదు. ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లకి జడలు వేశాను. మధ్యలో ఎప్పుడో మెట్లు దిగుతుంటే గుర్తొస్తుంది, రెండు రోజులు అన్నం సయించదు, మళ్లీ మామూలే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లయితే చిన్నతనం, పోనీలే అంటారు. ఆ మాట నాకు వద్దు.

తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందు సంగతి. అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటున్నారు, రావడం లేదు. గదికి నలుగురం. ఇద్దరు రాత్రంతా చదివేవాళ్లు, ఇద్దరం తెల్లవారుజామున లేచేవాళ్లం. మా ట్యూబ్‌లైటు ఆరేది కరెంటు పోయినప్పుడే. చున్నీ కళ్లకి కట్టుకుని పడుకునేదాన్ని. ఆ లైటు విషయంలోనే వరంగల్ అమ్మాయితో గొడవపడి చాలా రోజులు మాట్లాడుకోలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా తప్పుకి మూలం నా బుద్ధి కాదు, ఆ ట్యూబ్‌లైటే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ట్యూబ్‌లైటు మీద నేరం మోపితే అది ఎదురు మాట్లాడదు కదా.

నారాయణగూడలో ఒక స్వీటు షాపు పైన చిన్న సంస్థ ఉండేది. శ్రీశైలం దారిలో ఉన్న రక్షిత అడవి అంచుకి జనాన్ని బస్సులో తీసుకెళ్లి నక్షత్రాలు చూపించేవాళ్లు. అడవినీ, అడవి మీది చీకటినీ రెండింటినీ కాపాడాలని వాళ్ల పట్టుదల. టార్చిలైటుకి ఎర్ర కాగితం చుట్టకుండా ఎవరినీ బస్సు దిగనిచ్చేవాళ్లు కాదు. దాన్ని నడిపేది పుణె నుంచి వచ్చిన కులకర్ణి సార్. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. నాకేమో చిక్కడపల్లి టీ కొట్ల దగ్గర నేర్చుకున్న హిందీ వచ్చు. అలా శని ఆదివారాలు ఆయన మాటలు అక్కడి జనానికీ, వాళ్ల మాటలు ఆయనకీ చెప్పే పని దొరికింది.

మొదటిసారి వెళ్లినప్పుడు తలెత్తి ఆకాశం చూశాను. చిన్నప్పుడు మా ఊళ్లో చూసిన ఆకాశమే, మధ్యలో మరిచిపోయాను. చాప మీద వాలి, కళ్లకి ఏమీ కట్టుకోకుండా, హాయిగా నిద్రపోయాను. మిగతావాళ్లు చూడటానికి వస్తారు, ఈమె పడుకోవడానికి వస్తుంది అని సార్ అందరికీ చెప్పి నవ్వించారు.

మేము దిగే చోటు పక్కనే ఒక గూడెం. కరెంటు స్తంభాలున్నాయి, వీధిలైట్లు లేవు. లైట్లు వేయడానికి పంచాయతీ సిద్ధమైంది. సార్ వెళ్లి సర్పంచితో మాట్లాడారు. "ఊరోళ్లు ఏదంటె గదే సార్" అన్నాడాయన. సార్ కూడా అదే మాట మీద ఉన్నారు. వాళ్లకి కావాలంటే వేయాల్సిందే, మనం వేరే చోటు వెతుక్కుందాం అన్నారు. ఒక ఆదివారం పొద్దున బడి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి అడిగారు. అంటే, నేను అడిగాను.

మా బస్సులో వచ్చేవాళ్లకి జొన్నరొట్టెలు చేసిపెట్టే రాజవ్వ లేచి నిలబడింది.

"చీకటి మాకు అలవాటే బిడ్డా. గని ఆ వాగు మెట్ల కాడ ఒక్క లైటు ఎయ్యమను. వానకాలం కాలు ఏడ పెడుతున్నమో తెలుస్తలేదు. జర చెప్పు సారుకు."

నేను సార్ వైపు తిరిగాను.

"ఉన్‌కో అంధేరా చల్తా సార్."

చీకటైనా వాళ్లకి పర్వాలేదు అని. సార్‌కి అనుమానం వచ్చింది. అంతసేపు మాట్లాడింది, ఇంతేనా అన్నారు.

"బస్ సార్, ఇత్నాచ్" అన్నాను.

ఇది భాష రాక చేసిన పొరపాటు కాదు. అలవాటు పడటం వేరు, పర్వాలేదనడం వేరు. ఆ తేడా నాకు తెలియదా? మా అమ్మ కూడా అన్నిటికీ అలవాటే అనే మనిషి. మరి మిగతా సగం ఎందుకు మింగేశాను? ఒక్క లైటుతో మొదలుపెట్టి పది వేస్తారని, ఆకాశం పోతుందని, సార్ వేరే చోటికి వెళ్లిపోతే నా శనివారాలు మళ్లీ ఆ గదిలోనే తెల్లవారతాయని. ఇవన్నీ అప్పుడే అనుకున్నానా, తర్వాత తీరిగ్గా కూర్చుకున్నానా? నిజంగా తెలియదు. మొదటిసారి నోరు తెరిచేసరికి సగమే వచ్చింది. ఆయన రెండోసారి అడిగినప్పుడు మాత్రం తెలిసే అన్నాను.

లైట్లు వేసే పని ఆగిపోయింది. నెల తిరక్కుండానే నారాయణగూడ ఆఫీసులో సార్ కొత్తవాళ్లకి వివరిస్తున్నారు. దీపం మీద రేకు టోపీ పెట్టి వెలుగు నేల మీదికే పడేలా చేస్తే ఆకాశానికి పెద్ద నష్టం ఉండదట. గూడెంవాళ్లు అడిగి ఉంటే అలాంటిది నేనే పెట్టించేవాణ్ని, వాళ్లే అక్కర్లేదన్నారు అని కూడా అన్నారు. నేను పక్కనే టీ గ్లాసులు సర్దుతున్నాను. రాజవ్వ ఒకటి అడిగింది సార్, నేను చెప్పలేదు అంటే అయిపోయేది. తిట్టేవారు, అంతేగా. కానీ ఆయన నన్ను మంచిపిల్ల అనుకుంటున్నారు. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అప్పటికి వానలు మొదలవలేదు. నాకు కావలసినంత సమయం ఉంది.

వానాకాలంలో ఒక రాత్రి రాజవ్వ ఆ మెట్ల మీద జారి పడింది. పొద్దున ఎవరో అటు వెళ్లేదాకా అక్కడే పడి ఉందట. తుంటి విరిగింది. అతికింది గానీ సరిగ్గా అతకలేదు. పొయ్యి ముందు కూర్చోలేకపోవడంతో రొట్టెల పని ఇంకొకావిడకి పోయింది.

ఈ కబురు విన్నాక నేను చేసిన పని ఇంకా నీచమైనది. సార్ దగ్గరికి వెళ్లి, ఆ మెట్ల దగ్గర టోపీ పెట్టిన లైటు ఒకటి వేయిద్దాం అన్నాను. నా సొంత ఆలోచన అన్నట్టే అన్నాను. ఆయన ఎంతో సంతోషించారు. తర్వాతి ప్రయాణంలో బస్సులో అందరి ముందూ మెచ్చుకుని చప్పట్లు కొట్టించారు. నేను తల దించుకుంటే సిగ్గు అనుకున్నారు.

లైటు వేశాక వెళ్లాం. రాజవ్వ కర్ర పట్టుకుని ఒక పక్కకి ఒరుగుతూ ఎదురొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్లతో అంది:

"ఈ బిడ్డ ఆ దినమే చెప్పింది. వాళ్ల చెవులకెక్కలె. మల్ల మల్ల చెప్పి ఏపిచ్చింది. అంతే గద బిడ్డా?"

"అంతే అవ్వా" అన్నాను.

ఆవిడ చెయ్యి గట్టిగా, గరుగ్గా ఉంది. విడిపించుకోలేదు, విడిపించుకుంటే ఏమనుకుంటారోనని. అదే ఆఖరుసారి. పరీక్షలున్నాయని పని మానేశాను. పరీక్షలు నిజంగానే ఉన్నాయి, మంచి సాకు దొరికింది.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. బస్సు ఎక్కితే ఒక పూట ప్రయాణం. ఆవిడ ఉందో లేదో కనుక్కోవడానికి కూడా ఇన్నేళ్లలో ఒక్కసారి ప్రయత్నించలేదు. లేదని తెలిస్తే ఏడుస్తాను, ఉందని తెలిస్తే భయపడతాను. రెండింటిలో ఏది కోరుకుంటున్నానో అడగకండి. ఎక్కడో ఒక మనిషి నన్ను తలుచుకుని మంచిపిల్ల అనుకుంటోందన్న ఊహ నాకు ఇంకా కావాలేమో. అంత సిగ్గులేనిదాన్ని.

ఇక్కడిదాకా రాసేసరికి కాస్త ఊపిరాడుతోంది. తప్పు అలాగే ఉంది, ఊపిరి మాత్రం ఆడుతోంది. ఆ రోజు నీ మాట సారు చెవికి ఎక్కకపోవడం కాదు రాజవ్వా. నేను చెప్పలేదు.