కల్లాల మీద మబ్బు

మాది అనంతపురం. ఆసియా ఖండం శీతోష్ణస్థితి పాఠంలో, వానే మన నేలకు ప్రాణమని ఇరవై ఏళ్లు గొంతు చించుకున్న టీచర్ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకొస్తున్న రోజుల్లో, ఒక మార్చి మధ్యాహ్నం చిలకలూరిపేటలో బస్సెక్కాను. కాసేపటికి తూర్పున నల్లటి మబ్బు లేచింది.

"అబ్బ! వానొచ్చేట్టుంది!" అన్నాను సంబరంగా.

బస్సంతా నావైపు తిరిగింది. పక్క సీట్లోని పెద్దావిడ కళ్లెర్రజేసింది. "ముందు నోరు ముయ్యండి సారూ! కల్లాల్లో కాయుంది."

అప్పుడు చూశాను. రోడ్డుకు రెండు వైపులా ఎండబోసిన మిరపకాయలే.

ఉరిమింది. డ్రైవర్ ఎవరినీ అడక్కుండా బస్సాపేశాడు. జనం దిగి దగ్గర్లోని కల్లం వైపు పరుగెత్తారు. వాళ్ల వెనకాలే నేనూ. కాయలు కుప్పకు తోస్తూ, పట్టాలు కప్పుతూ, ఘాటుకు ఊపిరాడక దగ్గుతూ ఉంటే చేతిమీద ఒక చినుకు పడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వానను తిట్టాను.

"ఈ కాయ మీదేనాండి?" అని పెద్దావిడనడిగాను.

"మా కల్లం ఇంకా నాలుగూళ్ల అవతల. అక్కడా ఏదో బస్సు ఆగే ఉంటదిలే" అంది, పట్టా అంచు మీద రాయి పెడుతూ. కానీ ఆవిడ చూపు మాత్రం ఆ ఊళ్ల వైపే ఉంది. "మీదే ఊరు సారూ?"

"అనంతపురమండి. చెరువులో నీళ్లు చూసి మూడేళ్లయింది."

ఆవిడ పట్టా వదిలి లేచి నిలబడింది. తర్వాత కారంతో మండుతున్న చేతులు రెండూ జోడించి మబ్బుకేసి ఎత్తింది.

"ఇక్కడొద్దు తల్లీ. ఈ సారు వాళ్ల ఊరెళ్లి కురువు."