బచ్చలింటి గడియ

మా అత్తకు ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనదేమిటి అంటే కొడుకనో మనవరాలనో అనుకుంటారు. కాదు, మా బచ్చలిల్లు, అదే స్నానాల గది. కప్పగల్లులో రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి ముందు మూలన ఆ బచ్చలిల్లు. బండలు పరిచిన నేల, పొయ్యి మీద రాగి హండా, పైన రేకులు, ఒక తలుపు, ఆ తలుపుకు లోపలి వైపు లావాటి ఇనుప గడియ. స్నానానికి అందులోకి దూరిందంటే మా అత్త ఎప్పుడు బయటికొస్తుందో ఆ పైవాడికి కూడా తెలియదు. బయట నా మొగుడు భుజాన తువ్వాలేసుకుని లారీకి టైమైందని నస పెడుతుంటాడు. నా కూతురు స్కూలు బస్సు పోతుందని ఏడుస్తుంటుంది. లోపలి నుంచి చెంబు చప్పుడూ, రాగం తెలియని పాటా తప్ప జవాబు రాదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను పళ్ళు నూరుకునేదాన్ని. తర్వాత అలవాటైంది గానీ నూరుకోవడం మాత్రం మానలేదు.

ఆమెకు ఆ పిచ్చి ఎందుకో ఒకసారి మిరపకాయల తొడిమలు తీస్తూ చెప్పింది. కూలికి పోయే ఇంట్లో పుట్టి కూలికి పోయే ఇంటికే కోడలిగా వచ్చింది. స్నానమంటే తెల్లారకముందే నాలుగు కర్రలకు చీర చుట్టుకుని, గబగబా చెంబులు గుమ్మరించుకోవడం. గాలికి చీర ఎగిరేది. దారిన పోయేవాడెవడైనా దగ్గితే గుండె ఆగేది. అందుకని ఆమె పేరున ఈ జాగా కొన్నాక, ఇంటికన్నా ముందు బచ్చలిల్లు కట్టించింది. గుడిసెలో పడుకుంటూ రాతిగోడల బచ్చలింట్లో స్నానం చేసే మనిషిని చూసి ఊరంతా నవ్విందట. "నవ్వనీలే. లోపల గడియ పెట్టుకునే జాగా నాకు అదొకటే" అంది. ఆ మాట విన్నాక కొన్నాళ్ళు నేను పళ్ళు నూరుకోవడం తగ్గించాను.

దీపావళి ఇంకా రాలేదు, ఒక రోజు రోడ్డు ఇంజనీరు బైకు మీద వచ్చాడు. వెనక రంగు డబ్బా పట్టుకున్న మనిషి. ఆ మనిషి దిగి, మా బచ్చలింటి గోడ మీద పైనుంచి కిందికి ఒక ఎర్ర గీత గీశాడు. నేను కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చేసరికి రంగు కారుతోంది. ఏంది సార్ ఇది అని అడిగితే, రోడ్డు దొడ్డది చేస్తాండామమ్మా, గీతకు ఇటున్నదంతా సర్కారుది అని కన్నడం కలిసిన తెలుగులో అన్నాడు. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని నేను నోరు తెరిచేలోపల బైకు స్టార్టు చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బచ్చలింటిని రోజూ తిట్టుకునే హక్కు నాకుంది, నేను ఆ ఇంటి కోడలిని. మధ్యలో వీడెవడు?

నా మొగుడికి చెబితే, కొండను పొట్టేలు ఢీకొంటే కొమ్ములే విరుగుతాయి, సర్కారోళ్ళతో మనకేల అన్నాడు. అయితే రేపటి నుంచి రోడ్డు మీదే స్నానం చెయ్యి, వచ్చేపోయే బస్సులకు దండం పెట్టుకో అన్నాను. అత్త మాత్రం ఆ గీతను కిందా మీదా చూసి, వంకర పోయిందని వంక పెట్టి లోపలికి పోయింది.

మా వైపు దీపావళికి ముందు నీళ్ళు నింపే పండుగ చేస్తాం. బచ్చలింటిని కడిగి, హండాను చింతపండుతో తోమి, దానికి సున్నంతో, ఎర్రమన్నుతో పట్టెలు వేసి, తీగలు చుట్టి, పూలు పెట్టి, కొత్త నీళ్ళు నింపి పూజ చేస్తాం. మరుసటి రోజు ఆ నీళ్ళతోనే తలంట్లు. ఏటా ఆ పట్టెలు హండాకు, గడపకు మాత్రమే వేసే మా అత్త, ఈసారి ముంతలో ఎర్రమన్ను కలుపుకుని గోడ బయటికి వెళ్ళింది. ఎవరో సగం గీసి వదిలేసిపోయారు, పండగపూట సగం పని ఇంటికి మంచిది కాదట. ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు అని గోడ పొడవునా పట్టెలు దించింది. సర్కారు గీత ఆ పట్టెల్లో ఎక్కడ కలిసిపోయిందో ఆమెకే తెలియాలి. గూట్లో దీపం పెట్టి, తలుపుకు బంతిపూల దండ వేసి, గోడకు పసుపూ కుంకుమా పూసింది. ఇదంతా అమాయకత్వమో గడుసుతనమో నాకు ఈనాటికీ అంతు చిక్కలేదు.

పండుగ అయిన మరునాడే జేసీబీ వచ్చింది. దాని డ్రైవరు తారానగర్ మనిషి, అక్కడి గనుల్లో కొండలు తవ్విన చెయ్యి. మా గోడ ముందు బండి ఆపాడు, చూశాడు, దిగాడు, చెప్పులు విడిచాడు. చేతులు జోడించి, ఇది గుడి సార్, నేను ముట్టనంటే ముట్టను అన్నాడు. ఎర్రపట్టెల గోడంటే గుడిగోడేనని మన కళ్ళకు అలవాటు మరి. ఇంజనీరు నెత్తి కొట్టుకుని, గుడి కాదు, బచ్చలు కణయ్యా ఇది అన్నాడు. సరిగ్గా అప్పుడే లోపల మా అత్త చెంబును హండాకేసి టంగుమనిపించింది, పాట ఎత్తుకుంది. రేకుల సందులోంచి పొగ లేచింది. లోపల పూజ జరుగుతాంటే బచ్చలంటావేంది సార్ అని డ్రైవరు చెంపలు వేసుకున్నాడు. ఇంజనీరు గోడంతా తడిమి తన గీత యాడుందని నన్నడిగాడు. మీది మీరు ఏరుకుని తీసుకుపోండి, మావి మాకు వదిలిపెట్టండి అన్నాను. జేసీబీ వెనక్కి తిరిగింది. ఆ రోజు నేను పండగ అయిపోయినా మళ్ళీ పూర్ణం రుబ్బి ఓళిగలు చేశాను.

తొందరపడ్డాను. సాయంత్రానికల్లా జేసీబీని వెనక్కి తిప్పిన అమ్మవారని ఊరంతా చెప్పుకున్నారు. తెల్లారి లేచేసరికి మా బచ్చలింటి గడప ముందు కొబ్బరి చిప్పలు. ఆ తర్వాత ఊదుబత్తీలు. తర్వాత కొత్త ట్రాక్టరుకు నిమ్మకాయలు తొక్కించడానికి కురుగోడు నుంచి ఒక కుటుంబం. అమ్మవారికి హండమ్మ అని పేరు కూడా ఎవరో పెట్టేశారు. ఒకామె లోపలికి దూరి గడియకు దారం కట్టి మొక్కుకుంది. ఇంకొకాయన బచ్చలింటి జలదారిలోంచి బయటికి పారే నీళ్ళను సీసాలో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అవి నా మొగుడు కాళ్ళు కడుక్కున్న నీళ్ళని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాల్సిన ఆ మొగుడు కూడా, ఎందుకైనా మంచిదని, దండం పెట్టుకుని బోరు కాడికి పోయి స్నానం చేసొచ్చాడు.

చివరికి ఊరి పెద్దలు వచ్చి, ఇంక ఇది దేవుని జాగా కదమ్మా, ఊరిది, మేము గోపురం లేపుతాము, మీరు వెనక ఎక్కడైనా రెండు తడికలు కట్టుకోండి అన్నారు. మా అత్త తువ్వాలు పట్టుకుని అడుగు బయట పెడితే చాలు, పూజారమ్మ వచ్చిందని జనం దారి ఇచ్చి వెనకే లోపలికి వస్తున్నారు. ఆమె స్నానం చేసి మూడు రోజులైంది. బచ్చలిల్లు అంటే సర్కారు కూలుస్తుంది, గుడి అంటే ఊరు తీసుకుంటుంది. ఆ పూట వంటింట్లో పీట మీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

"సర్కారోడు గోడ అడిగె. వీళ్ళు తలుపే అడుగుతాండారు. మళ్ళా చీర చుట్టుకుని పోసుకోవల్లనా నేను?" అంది.

ఎవరితో పోట్లాడాలో తెలిస్తే అప్పుడే పోయి పోట్లాడేదాన్ని.

మరుసటి రోజు పెద్దలు త్రిశూలం నాటడానికి వచ్చారు. సంగతి తెలిసి ఇంజనీరూ, డ్రైవరూ వచ్చారు. జనం మూగారు. అప్పుడు మా అత్త ఇంట్లోంచి దిగింది. ఒక చేతిలో సబ్బుపెట్టె, ఇంకో చేతిలో శనగపిండి గిన్నె, భుజం మీద తువ్వాలు, పాత లంగా. ఎవరి ముఖం చూడకుండా జనం మధ్యలోంచి నడిచి లోపలికి పోయింది. మొక్కుదారం తెంపి గడియ వేసిన చప్పుడు అందరికీ వినబడింది. కాసేపటికి నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత ఊరు మొత్తానికి వినబడేలా నన్ను పిలిచింది.

"ఏమ్మే, నా వీపు రుద్దే రాయి యాడ పెట్టినావు?"

హండమ్మ మహిమ అక్కడితో సరి. పెద్దలు నేల చూపులు చూశారు. జలదారి నీళ్ళు పట్టుకుపోయినాయన ఎందుకో గబగబా ఇంటికి పోయాడు. త్రిశూలం తెచ్చినవాళ్ళు దాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియక భుజాన వేసుకుని కదిలారు. మిగిలింది ఇంజనీరు. ఇప్పుడిది బచ్చలిల్లని తేలిపోయింది కాబట్టి కూల్చడానికి అతనికిక అడ్డు లేదు. అయితే డ్రైవరు, లోపల ఆడమనిషి ఉండాది సార్, నేను బండి ఎక్కను అన్నాడు. ఇంజనీరు విసురుగా తలుపు దాకా వెళ్ళాడు. బాదడానికి పిడికిలి ఎత్తాడు. ఏమనుకున్నాడో ఏమో, దించి రెండు వేళ్ళతో మెల్లగా తట్టాడు. అమ్మా, స్వల్ప బయటికొస్తారా అన్నాడు.

"నా జాగా యాడిదాకా ఉండాదో కొలిచినావాప్పా?" అని లోపలి నుంచి.

ఇంకా లేదన్నాడు.

"కొలవకనే గీత గీసినావా? అట్లయితే కుచ్చో. నీళ్ళు ఇంకా వేడిగా ఉండాయి."

కూర్చున్నాడు. ఏం చేస్తాడు మరి. నేను టీ ఇచ్చాను, తాగాడు. ఇంకోటి ఇచ్చాను, అదీ తాగాడు. మా అత్త ఎప్పటికో జుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, టేపు రెండో కొస తానే పట్టుకుంది. కొలిస్తే హద్దు గోడ మీదికి రాలేదు, గోడ అవతల మురుగు పారే మోరీలో పడింది. హద్దు మోరీ దగ్గరని కంటి అంచనా వేసి, మోరీ మీద గీత గీయడానికి వీలుగాక రంగు మనిషి పక్కనున్న గోడ మీద గీశాడట. గీత చెరిపేయమని ఇంజనీరు చెప్పాడు గానీ, ఏది చెరపాలో ఎవరికీ తెలియలేదు. పట్టెలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

మరునాడు పొద్దున మామూలే. నా మొగుడు తువ్వాలుతో నస, కూతురు ఏడుపు, లోపల పాట. నేను పళ్ళు నూరుకుంటూ వెళ్ళి తలుపు బాదబోయి, ఆగి, రెండు వేళ్ళతో తట్టాను. పాట ఆగింది. ఎవురది అంది. నేనే అత్తా అన్నాను.

"నువ్వా, రా. చెయ్యి అందకుండా ఉండాది, కొంచెం వీపు రుద్దు" అని గడియ తీసింది.