మామయ్యగారి హెల్మెట్ పరీక్ష

మా మామయ్యగారు పోయిన నెల కన్నుమూశారు. ఆదివారం పొద్దున్నే ఒంగోల్లో మా ఇంట్లో ఫోన్ మోగింది. ఆదివారం ఊరి నుంచి ఫోనంటే చాలు, ఏ డొంకలో బండి మీద నుంచి పడ్డారో అని నాకు ఏళ్ల తరబడి భయం. ఆ రోజూ అత్తయ్య గొంతు వినగానే "ఎక్కడ పడ్డారు అత్తయ్యా?" అనే అడిగాను. "ఎక్కడా పళ్లేదే తల్లీ. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అంది. రాళ్లలో, ఎండిన వాగుల్లో బండి నడిపిన మనిషి మంచం మీద నిద్రలో వెళ్లిపోయారు. ఏడుపుతో పాటు నాకు కోపం కూడా వచ్చింది. అన్నేళ్లు నేను పడిన భయమంతా ఎవరికి చెప్పుకోను?

చిలకలూరిపేట దగ్గర మిరప, పత్తి పండించే రైతు ఆయన. ఆదివారం వస్తే మాత్రం రైతు కాదు. పాత టూ స్ట్రోక్ బండికి గుబ్బల టైర్లు వేయించుకుని, పొలాల మధ్య ఎడ్లబండ్లు తిరిగే డొంకల్లో, కొండవీడు వైపు కొండల కింద రాళ్లబాటల్లో పనేమీ లేకుండా తిరిగేవారు. నల్లరేగడి ఎండిపోయాక ఎడ్లబండి చక్రాల గాడులు గట్టిపడి, టైరు అందులో దిగిందంటే పైకి రానివ్వవు. అలాంటి చోట సంతోషం ఏముందో ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాపురానికొచ్చిన మొదటి వేసవిలో నేను "నాకూ నేర్పుతారా మామయ్యా?" అని అడిగితే ఇంట్లో అందరూ తినడం ఆపేశారు. ఆయన ఒక్కరే పెరుగు కలుపుకుంటూ, "ముందు తలకాయ సంగతి చూద్దాం అమ్మాయ్" అన్నారు.

పోలీసు ఆపితే తప్ప ఎవరూ హెల్మెట్ పెట్టుకోని రోజులవి. గుంటూరు షాపులో నాకు నల్ల అద్దమున్న హెల్మెట్ నచ్చింది. "పెట్టుకుని ఆ వీధి చివరిదాకా నడిచిరా" అన్నారు మామయ్య. మే నెల, మిట్టమధ్యాహ్నం. సగం దూరం పోయేసరికి నా ఊపిరి నాకే మొహాన కొట్టి కళ్లు తిరిగాయి. "చూశావా? రోడ్డు మీదైతే స్పీడుకి గాలి తగులుద్ది. డొంకలో ఫస్టు గేర్లో గాలి ఏడనుంచి వస్తది? ఉక్కకి తీసి హ్యాండిల్‌కి తగిలిస్తావు. అప్పుడది హ్యాండిల్నే కాపాడుద్ది" అన్నారు. షాపతను నవ్వాడు, నాకు ఒళ్లు మండింది.

చివరికి మద్రాసు నుంచి తెప్పించారు. నుదుటి మీద ఎండ పడకుండా ముందుకు పొడుచుకొచ్చిన అంచు, ముందుకు సాగిన గడ్డం కమ్మీ, నుదుటి దగ్గరా గడ్డం దగ్గరా గాలి దూరే కంతలు, వెనక అది బయటికి పోయే కంతలు. కళ్లకి వేరే గాగుల్స్. ఐఎస్ఐ ముద్ర వెతికారు. లోపల తెల్ల పొర మీద గాలి పారే కాలవలున్నాయా అని వేలు పెట్టి చూశారు. నా ముడి విప్పించి జడ కిందికి వేయించారు, ముడి ఉంటే హెల్మెట్ ముందుకు తోస్తుందని. బిగించాక వెనక నుంచి పైకెత్తి లాగారు. ఊడలేదు. నా బుగ్గలు నొక్కుకుపోయి మాట ముద్దముద్దగా వచ్చింది. "తలని పట్టుకోవాలి, పీకని కాదు. పీక్కి ఏమన్నా ఇబ్బందా?" అని మూడుసార్లు అడిగారు. పెళ్లిచూపుల్లో నన్ను ఎవరూ అన్ని ప్రశ్నలు వేయలేదు.

మరుసటేడు మిరపకి ధర పడిపోయింది. పెరిగాక అమ్ముదామని బస్తాలు ముందుగదిలోనే వేశారు. ఊళ్లో చాలా ఇళ్లలో అంతే. పక్కింటి పిల్లలు నా హెల్మెట్‌తో ఆడుకుంటున్నారని, వాళ్లకి అందకుండా ఆయనే ఆ గదిలో బస్తాల పైన గోడకి మేకు కొట్టి తగిలించారు.

ఆ వేసవిలో ఒక ఆదివారం ఆయన తన బండి మీద, నేను నా కోసం కొన్న పాత బండి మీద కొండల కింద, రాయి తీసి వదిలేసిన పాత క్వారీ పక్కగా దిగుతున్నాం. ఎడమవైపు గుంత, కుడివైపు కొండ, మధ్యలో మంచం వెడల్పు దారి. ఆయన అప్పటికే కిందికి దిగి నా కోసం ఆగి ఉన్నారు. నేను ఫుట్‌రెస్టుల మీద నిలబడి, ఆయన నేర్పినట్టే చూపు దూరంగా పెట్టి దిగుతున్నాను. నుదురు చురచురమంది. చెమటకాయలనుకున్నాను. అంతలో చెమట చుక్క ఎడమ కంట్లోకి జారింది, వెంటనే కుడి కంట్లోకి. నిప్పు పోసినట్టయింది. రెండు కళ్లూ మూసుకుపోయాయి, ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. గుంత ఎడమవైపు ఉందన్న సంగతి ఒక్కటే తెలుసు. బండి మాత్రం దిగుతూనే ఉంది.

"మామయ్యా! కనపడట్లా!"

"కుడికి పడిపో! బండి వదిలెయ్! కుడికే అమ్మాయ్, కుడికే!"

పడ్డాను. గడ్డం దగ్గర టప్పున ఏదో తగిలింది. బండి నా కాళ్ల మధ్య నుంచి జారిపోయింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అది గుంతలో రాళ్ల మీద పడిన చప్పుడు వినపడింది.

"కదలమాకు. కాళ్లు ఆడించు. మెడ నొప్పా?" ఆయన కింది నుంచి పరిగెత్తుకొచ్చారు.

"కళ్లు మామయ్యా, తీసెయ్యండి, తీసెయ్యండి!"

నేను ఎంత అరిచినా లాగెయ్యలేదు. మెడ బాగానే ఉందని నా చేత చెప్పించుకున్నాకే పట్టీ వదులు చేసి, రెండు చేతులతో మెల్లగా తీశారు. ఉన్న సీసా నీళ్లన్నీ నా కళ్లలో పోశారు. మసకమసకగా ఆయన కనిపించారు. హెల్మెట్ గడ్డం కమ్మీ చిట్లి ఉంది. దాన్ని ఆయన వాసన చూశారు. లోపలి మెత్తని గుడ్డకి నాలిక ఆనించారు. రాయి మీద కూలబడిపోయి, "కారం. బస్తాల దుమ్మంతా దీంట్లోకి పోయింది. నేనే చేశానమ్మా" అన్నారు. ఏరి కోరి కొన్న గాలి కంతల్లోంచే ఆ దుమ్ము లోపలికి పోయింది.

ఇంటికొచ్చాక అత్తయ్య పాలల్లో ముంచిన దూది నా కళ్ల మీద పెట్టింది. "ఆ పిల్ల చూపు పోతే మీరు ఏడ నుంచి తెచ్చిస్తారు?" అని ఆయన్ని కడిగేసింది. చూపుకేం ఫర్వాలేదని డాక్టరు చెప్పినా ఆయన మొహం తేటపడలేదు. చిట్లిన హెల్మెట్ ఇంకెవరి తలకీ ఎక్కకూడదని రోకలితో ముక్కలు చేశారు. తన బండి కూడా ముట్టుకోవడం మానేశారు. నాకు అదే భయం వేసింది. నా కళ్లు బాగయ్యాయి గానీ, ఈ మనిషి ఇలాగే అరుగు మీద కూర్చుండిపోతారేమోనని. "ఇంకో హెల్మెట్ తెప్పించండి, నేను నడుపుతాను" అని రోజూ పోరేదాన్ని.

బస్తాలు మిర్చి యార్డుకి పోయి, గది కడిగించాక ఆయనే గుంటూరు వెళ్లారు. "ఈసారన్నా కంతల్లేనిది తెండి" అంది అత్తయ్య. "ఎండకి సొమ్మసిల్లి పడుద్దే. గాలి కావాల్సిందే. కారం పోకుండా చూసుకోవాల్సింది నేను" అన్నారు.

ఆ తర్వాత నేను ఆయనతో బండెక్కిన ప్రతి ఆదివారం ఇదే తంతు. నా హెల్మెట్ ఆయన తలకి చిన్నది. బలవంతంగా దూర్చుకుని, పట్టీ బిగించుకుని, నడివాకిట్లో ఎండకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. బుగ్గలు నొక్కుకుపోయి, మొహమంతా ఎర్రబడి ఉండేది. నా కోసం ఇంత భయపడిన మనిషి మళ్లీ దొరకరని అప్పుడూ తెలుసు నాకు. అయినా ఆలస్యమవుతోందని విసుక్కునేదాన్ని, "చాల్లే మామయ్యా, ఇచ్చెయ్యండి" అని చెయ్యి చాపేదాన్ని.

ఆయన రెప్ప వేయకుండా, కళ్లు బాగా తెరిచి, అరచెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఆగమ్మాయ్. చెమట ఇంకా కంట్లోకి దిగలేదు."