పతకం అంచున వేరే పేరు

తార నాయుడు అమెరికాలో, నేపర్‌విల్‌లో మా వీధి చివర ఉంటుంది. ఆసుపత్రిలో నర్సు. పోయిన చలికాలం మావారు ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, ఆయన తలగడ సరిచేస్తూ "కూసింత గంజి తాగు నాయినా" అంది. ఆ పలుకు విజయనగరంలో మా నాయనమ్మ నోట తప్ప నేనెక్కడా వినలేదు. మీదే ఊరమ్మా అని అడిగితే డర్బన్ అంది. ఆమె ముత్తాత అప్పలనాయుడు చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి దక్షిణాఫ్రికా వెళ్లాడట. తారకు తెలుగు రాయడం, చదవడం రాదు. మాట మాత్రం నాలుగు తరాలు నోటి మీదే బతికి ఇక్కడిదాకా వచ్చింది.

మావారు పోయాక, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నన్ను వాళ్లింటికి లాక్కుపోయేది. తనకొక పిచ్చి ఉంది, పాత యుద్ధ పతకాల మీద. నూరేళ్లు దాటిన మాట, దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్లకూ, అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి బోయర్లకూ పెద్ద యుద్ధం జరిగింది. గాయపడ్డ సిపాయిలను స్ట్రెచర్ల మీద మోసినవాళ్లలో మన కూలీలూ ఉన్నారు. తర్వాత సిపాయిలకు వెండి పతకాలిచ్చి, మోసినవాళ్లకు కంచువి ఇచ్చారు. పతకం అంచు చుట్టూ సన్నగా మనిషి పేరు చెక్కి ఉంటుంది. ఎక్కడెక్కడివాళ్లో తమ ఇంట్లోని పతకాలకు ఫొటోలు తీసి పంపితే, తార ఆ పేరు పట్టుకుని వెతికి, ఆయన ఏ దళంలో చేశాడో, ఎక్కడెక్కడికి వెళ్లాడో చెప్పేది.

"వీళ్లంతా నీకేమవుతారే?" అన్నాను ఒకసారి.

"ఏటీ అవ్వరక్కా. పేరు రాసున్నాక ఎవరో ఒకరు చదవాల కదా!"

వేసవిలో డర్బన్ నుంచి వాళ్లమ్మ తమ ఇంటి పతకాన్నే చుట్టాల చేత పంపింది. అది ముత్తాతదనే తార నమ్మకం. చిన్నప్పుడు అది దేవుడి మూల ఉండేదట, పిల్లలను ముట్టనిచ్చేవారు కాదట. తార భూతద్దం పెట్టి అంచు తిప్పుతూ చదివింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పోలయ్య అని ఉందక్కా. మా ఇంట్లో పోలయ్య అన్నోళ్లు ఎవరూ లేరు."

దళం వివరాలు వెతికితే అప్పలనాయుడి పేరూ ఉంది, పోలయ్య పేరూ ఉంది. ఇద్దరికీ చెరొక పతకం. పోలయ్య క్యాంపులోనే చనిపోయాడు.

తార ముఖం పాలిపోయింది. "చచ్చిపోయినోడి మెడల్ మా తాత కొట్టేసినాడా? మా పిల్లలు స్కూల్లో ఆ తాత గురించే ప్రాజెక్ట్ చేసినారక్కా."

మంచం పట్టిన తల్లికి చెప్పాలా వద్దా అని కొన్ని వారాలు నలిగిపోయింది. చివరికి ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ చేసింది.

"అమ్మా, మెడల్ మీద తాత పేరు లేదే."

"ఎందుకుంటాది? అది పోలయ్యది."

"నీకు తెలుసా!"

"ఓలమ్మో, ఊరందరి మెడల్సూ సదివేస్తావు, మనింటిది ఇప్పుడు సూసినావా?" ముసలామె నవ్వుతూ దగ్గింది. "స్ట్రెచర్‌కి ముందు పోలయ్య, ఎనక మా తాత. జొరమొచ్చి పోలయ్య పోనాడు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. మెడల్స్ ఇచ్చినప్పుడు తాత అడిగి అదీ తెచ్చినాడు."

"మరి తాతదేదీ?"

"కరువొచ్చినాది కదే. పిల్లల కూటికి తనది అమ్మీసినాడు. ఇదీ అమ్మమంటే, నాది కానిది నానెలా అమ్మేది అన్నాడంట."

తార పతకాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"పెద్దల అమాసకి రెండాకులెయ్యమన్నాడు. ఒకటి మనోళ్లకి, ఒకటి పోలయ్యకి. మా అమ్మ ఏసింది, నానూ ఏసినాను. ఇప్పుడు లెగలేకపోతన్నాను. అందుకే నీకు పంపినాను, అద్దాల పెట్టిలో దాయమని కాదు."

నేను ఆ చిన్న కంచు బిళ్లనే చూస్తూ కూర్చున్నాను. రక్తసంబంధం లేని మనిషి. ఆయన ముఖమైనా ఎరగని ఆడవాళ్లు ఇన్నేళ్లు వండి వడ్డించారు. మావారి పేరు నేనింకా పైకి అనలేకపోతున్నాను.

పెద్దల అమావాస్యనాడు ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్‌లో గడ్డకట్టిన అరిటాకులు కొనుక్కొచ్చి, నీళ్లలో వేసి మెత్తబరిచాం. బూరెలు నేను వండాను. తల్లికి కనబడేలా తార ఫోను నిలబెట్టింది. మొదటి ఆకు దగ్గర తాతను పిలిచింది. రెండో ఆకు దగ్గరికొచ్చేసరికి కళ్లనీళ్లు కమ్మేశాయి.

"అక్కా, ఏటని పిలవాల? మంత్రం ఉందా?"

నాకు మంత్రాలెక్కడ వచ్చు? ఫోనులోంచి ముసలామె కసిరింది.

"పేరెట్టి పిలవే. కూడు సల్లారిపోతాది."