చిన్నయ్య ముడులు, జమ్ములమ్మ లెక్క

మా పక్కింటి చిన్నయ్య గద్వాలలో పేరున్న నేతగాడు. పట్టు అంచును నూలు చీరకు అతికిస్తే, అతుకు ఎక్కడుందో వేలికి కూడా తగలదు. అలాంటివాడు యాభై రెండేళ్ల వయసులో స్పానర్ పట్టాడు. వద్దని అందరూ చెప్పారు, నేనూ చెప్పాను. ఎవరి మాటా వినలేదు.

కారణం ఉంది. ఇరవై ఆరేళ్ల కింద అమరచింతలో పెళ్లి చేసుకొని, చీరల షావుకారు దేవరాజు అరువిచ్చిన అంబాసిడర్‌లో కొత్త పెళ్లాం జమ్ములమ్మను తీసుకొస్తుంటే, అది సరిగ్గా జూరాల డ్యామ్ మొదట్లో ఆగిపోయింది. పెళ్లి బట్టలతోనే ఇద్దరూ డ్యామ్ పొడవునా నడిచి ఈవలి ఒడ్డున బస్సెక్కారు. ఆ నడకను జమ్ములమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు, "నన్ను నడిపిచ్చి తెచ్చినోనివి, నువ్వా మాట్లాడేది?" అంటుంది.

ఈ మధ్య దేవరాజు కొడుకులు ఆ కారును పాత ఇనుముకు వేయబోతే చిన్నయ్య అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చి ఎక్కడ పెట్టాడు? ఇంటి ముందు, జమ్ములమ్మ పడుగు దారాలు సాగదీసే చోట. ఆమె ఊరుకుంటుందా!

"వచ్చే నెల రెండో శుక్రారం అమరచింతల మా తమ్ముని కొత్తింట్ల పాలు పొంగిస్తున్నరు. గా దినానికి ఇది నడిస్తే సరే. లేకుంటె వనపర్తి పాత సామాన్లాయన్ని పిలుస్త."

"నిన్ను గిండ్లనే తోలుకపోత, చూస్తుండు," అన్నాడు చిన్నయ్య.

ఇంజన్ విప్పడం అతనికి అదే మొదలు. దాన్ని దించి గోనెసంచి మీద పెట్టి, మగ్గం ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు. విప్పిన ప్రతి సామానుకూ పట్టుదారం కట్టాడు. మోకాళ్ల దగ్గరి పిస్టన్‌కు ఒక ముడి, దాని అవతలిదానికి రెండు, అలా చివరిదానికి నాలుగు. తెలివైన పనే, కాదనను. కానీ నట్లు తుప్పుపట్టి రావు, వచ్చినవి దొర్లి కాలవలో పడతాయి. తెప్పించిన పిస్టన్ రింగులు సైజు చిన్నవి వచ్చాయి. బిగించడం అయ్యాక ఒక బోల్టు మిగిలిపోతే, ఎక్కడిదో తెలియక మళ్లీ సగం విప్పాడు. తీరా చూస్తే అది మగ్గం బోల్టు. నేను నవ్వినందుకు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

గడువుకు ముందు రోజు, గురువారం సాయంత్రం, ఇంజన్‌ను మళ్లీ కారులోకి ఎక్కించి తాళం తిప్పాడు. కార్బొరేటర్‌లోంచి టప్పుమని మంట, పొగ, మళ్లీ టప్పు. ఇంజన్ అందుకోదు. ప్లగ్గుల వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో ఇవ్వాలని ఫోన్‌లో బొమ్మ చూసి, తన ముడులు లెక్కపెట్టి మరీ ఇచ్చాడు. నాలుగుసార్లు సరిచూశాడు. చివరికి స్పానర్ విసిరికొట్టి, "పిలువు ఆ సామాన్లాయన్ని," అని అరుగు మీద కూలబడ్డాడు. నాకు నిజంగా జాలేసింది.

జమ్ములమ్మ ఫోన్ తీయలేదు. ఇంజన్ ఫ్యాను దగ్గర నిలబడి, ప్లగ్గు వైర్లకు ఇంకా ఉన్న ముడులు చూస్తోంది.

"ఒకటి ఏడికెల్లి లెక్కపెట్టినవు?"

"నా మోకాళ్ల కాడికెల్లి. మగ్గం మీద గట్లనే గద."

"నీ మగ్గం మీద గట్లనే. పడుగు సాగదీసేటప్పుడు నేను గా కొసకుంట. నీ ఒకటి నాకు ఆఖరుది. ఇది చేసినోడు ఏ కొసకు కూసున్నడో నీకు తెల్సా?"

చిన్నయ్య లేచి బొమ్మ మళ్లీ చూశాడు. ఒకటి అని ఉన్నది ఫ్యాను పక్కన, అతను నాలుగు ముడులేసిన కొసన! సామాన్లన్నీ అతని ముడుల ప్రకారం ఎక్కడివక్కడికి చేరాయి, బొమ్మ చూసి ఇచ్చిన వైర్లు మాత్రం తారుమారయ్యాయి. మార్చి తాళం తిప్పాడు. వీధి కుక్కలు పరుగెత్తేలా అంబాసిడర్ గుర్రుమంది. చిన్నయ్య నన్ను కౌగిలించుకుని చొక్కా నిండా గ్రీజు పూశాడు.

శుక్రవారం ముగ్గురం బయల్దేరాం. డ్యామ్ దాటగానే జమ్ములమ్మ, "జర ఆపు," అంది.

"ఆపితే మల్ల అందుకోకుంటె?"

"నడుస్తం. ఆపు."

ఆపాడు. ఆమే చెయ్యి చాపి తాళం తిప్పేసింది. వెనక సీట్లో నేను చెప్పులు వెతుక్కున్నాను.

"ఆ దినం ఇది గీడ ఆగకుంటె నీ నోట్లకెల్లి మాట వినేటందుకు నాకు నెల పట్టేది. గా కొస దాక నవ్విస్తనే తోలుకపోయినవు. మన పెండ్లిల నాకు బాగ నచ్చింది గా నడకనే."

చిన్నయ్య నోరు తెరిచాడు. "మరి ఇన్నేండ్లు తిడ్తివేందే?"

"తిట్టకుంటె నీకు యాదుంటుండెనా? తిప్పు తాళం, పాలు పొంగే యాళ్లయితుంది."

ఒక్క తిప్పుకే అందుకుంది.