అరికాలి కాటుక చుక్క

నడుము పట్టేసిన నాలుగో రోజు మా ఆయన ఆఫీసుకు పోతూ గుమ్మంలో నిలబడి, "ఎవురినన్నా పిలిపించి రుద్దించుకోరాదా?" అన్నాడు. ఆ మాట అన్నంత సులువుగా అయ్యే పనైతే మొదటి రోజే రుద్దించుకుని ఉండేదాన్ని. మగవాళ్ళకేం, కర్నూలులో పేటకో కుస్తీల తాలింఖానా ఉండేది. నడుము పట్టినా మెడ పట్టినా పోయి చాప మీద బోర్లా పడుకుంటే ఉస్తాదు తొక్కి, పిసికి, సరిచేసి పంపేవాడు. ఆడవాళ్ళు పిలిపించుకుని ఒంటికి నూనె రుద్దించుకునేది పుట్టినప్పుడు, మళ్ళీ కన్నప్పుడు. నేను పుట్టడమైతే పుట్టాను. రెండోది కాలేదు. అప్పటికి పెళ్ళయి తొమ్మిదేళ్ళు.

అసలు చిక్కు అది కూడా కాదు. నా ఒళ్ళు. కాస్త బొద్దు అని సర్దిచెప్పుకునే లావు కాదు నాది. గాజులమ్మే ఆమె నా చెయ్యి పట్టుకుని చూసి, మలారం మళ్ళీ కట్టేసుకుని పక్కింటికి పోయేది. మా ఆయన చూస్తే చువ్వలాంటి మనిషి. మేమిద్దరం పక్కపక్కన పోతుంటే పది అంకె పోతోందని అరుగుల మీద వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు వినపడేటట్టే నవ్వేవాళ్ళు. ఒకసారి వెనక్కి తిరిగి, "సున్న లేకుంటే మీ ఒకటికి ఏం విలువప్పా?" అని అడిగేశాను. ఆ రోజంతా మా ఆయన నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం తనలో తాను నవ్వుకున్నాడు.

కరువు సీమలో లావుగా ఉండటం దొంగసొమ్ము ఒంటి మీద పెట్టుకుని తిరిగినట్టు ఉంటుంది. వానలు లేని ఏళ్ళలో మా పుట్టింట్లో ఆరుగురం ఒకే సట్టిలో కెలికిన కొర్ర సంగటి తిన్నాం. ఐదుగురు ఎండిపోయారు, నేను ఊరాను. "కరువుకు మీ ఇంటి దావ తెలీనట్టుండాదే" అని ఊళ్ళో వాళ్ళు నన్ను చూసి మా అమ్మతో అనేవాళ్ళు. ఆ పూట మా అమ్మ నాకు ఇంకో ముద్ద పెట్టేది కాదు.

నా ఒళ్ళు చూసి ముచ్చటపడిన మనిషి ఒక్కతే ఉండేది. పులివెందుల పక్కన మా పల్లెలో పురుళ్ళు పోసే ముసలామె. నన్ను తల్లి కడుపులోంచి తీసిందీ, ఆరు నెలలు ఆముదం రుద్ది నీళ్ళు పోసిందీ ఆమే. పెద్దదాన్నయినాక కూడా పండగ పూటలు నన్ను పట్టుకుని బండ మీద కూర్చోబెట్టి, వీపు మీద చరుస్తూ, "ఇది నా చేతి ఒళ్ళు. నేను పెంచిన ఒళ్ళు" అనేది. పొలం పండిన రైతు గట్టు మీద నిలబడి చూసుకునేటట్టు చూసుకునేది నన్ను. నా పెళ్ళయిన మరుసటేడు పోయింది. చచ్చిపోయిన వాళ్ళ మొహాలు గుర్తుంటాయి అందరికీ. నాకు ఆమె మొహం సరిగా గుర్తులేదు, చేతులు గుర్తున్నాయి. బొటనవేళ్ళు వెన్నుపూస పక్కగా కిందినుంచి మెడ దాకా వచ్చేవి, మెడ దగ్గర కాసేపు ఆగేవి. ఆ ఆగడం కోసం ఎనిమిదేళ్ళు మొహం వాచిపోయి ఉన్నాను. ఆమె పోయినాక నన్ను ఎవరూ అట్లా పట్టుకోలేదు. మా ఆయన మంచివాడు, కానీ నన్ను తాకేటప్పుడు కూడా అనుమతి అడిగినట్టు ఉండేది.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు దొరికిన ఇంట్లో. మాకు ఒక మిద్దెలో రెండు గదులు, వెనక చిన్న వాకిలి, నీళ్ళు పోసుకోవడానికి కడప బండలు పరిచిన జాలాడి దొరికాయి. పొద్దున పాలు పోసే ఆమె తప్ప నాకు ఊళ్ళో తెలిసిన ఆడమనిషి లేదు. అందుకే ఆమెనే అడిగాను. కోటకు అవతల పురుళ్ళు పోసే ఆమె ఒకామె ఉందని, చెయ్యి మంచిదని చెప్పింది.

"నేను లావుగా ఉంటానని ముందే చెప్పు" అన్నాను.

"అది గూడా చెప్పల్నా? దానికి కండ్లు లేవా?"

"చెప్పమంటే చెప్పు. శానా లావు అని చెప్పు. ఈడికొచ్చినాక నన్ను చూసి మొగం చిట్లిస్తే నేను ఓర్చుకోలేను."

పాలామె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, చెప్పాల్సిందే అన్నట్టు తల ఊపింది. నేను లేవలేక పడి ఉన్నానని, ఇంట్లో పెద్దదిక్కు ఎవరూ లేరని, వెనక వాకిట్లోంచి రమ్మని, అన్నీ చెప్పమన్నాను. ఎల్లుండి పొద్దున వస్తుందని మరునాడు కబురు తెచ్చింది.

ఆ రెండు రోజులు నడుము నొప్పి సగం మరిచిపోయాను, భయంతో. చీర విప్పి కొత్త మనిషి ముందు పడుకోవాలి. పొట్ట మడతలు, చంకల కింద ఒరుసుకుపోయిన నల్ల మచ్చలు, తొడలు, నేనే చూసుకోలేక దీపం ఆర్పేసేవన్నీ ఆమె చూస్తుంది. ఒక మనిషికి గిద్దెడు ఆముదం చాలు. నేను అర్ధసేరు తెప్పించి పెట్టాను, నూనె చాలలేదనే మాట ఆమె నోట రాకూడదని. రాకపోతే బాగుండుననుకున్నాను. మళ్ళీ ఆ బొటనవేళ్ళు గుర్తొచ్చి, ఎట్లాగైనా వస్తే బాగుండుననుకున్నాను.

వచ్చింది. కందికట్టెలాంటి మనిషి, నలభై దాటి ఉంటాయి. చంకలో చిన్న మూట. నన్ను పలకరించి, పొయ్యి మీది కాగు దించి, వావిలాకు వేసి నీళ్ళు కలిపింది. తరువాత బండ మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, కాళ్ళు రెండూ చాపి దగ్గరికి చేర్చింది. మోచేత్తో నీళ్ళ వేడి చూసి, రెండు చేతులూ నా వైపు చాచింది.

"తీసుకరా తల్లీ."

"ఏం తీసుకరావల్ల?"

"బిడ్డను. ముందు బిడ్డకు పోసి పండుకోబెడితే నిన్ను నింపాదిగా రుద్దుతా."

పాలామె తప్పేమీ చెప్పలేదు. మనిషి శానా లావుగా ఉండాది, లేవలేక పడుండాది, ఒళ్ళు రుద్దల్ల, పెద్దదిక్కు లేదు. ఇవి విన్న మంత్రసాని ఎవరైనా ఆ ఇంట్లో పురుడు జరిగిందనే అనుకుంటుంది. మరోటి అనుకోవడానికి ఆ రోజుల్లో దారే లేదు. లావు సంగతి ముందే చెప్పమన్నది నేనే.

నిజం చెప్పడానికి నాకు నోరు లేక కాదు. వీధిలో మగవాళ్ళకు జవాబు చెప్పిన నోరే అది. కానీ ఆమె చేతులు ఇంకా చాచే ఉన్నాయి, ఆమె నా ఒంటి వైపు చూస్తూ ఉంది. ఆ చూపులో ఎగతాళి లేదు, జాలి లేదు. బాలింత ఒళ్ళు ఇట్లాగే కదా ఉండేది అన్నట్టు చూస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నా ఒంటికి ఒక కారణం దొరికింది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

"నిద్రపోతాండాది" అన్నాను.

లోపల గదిలో కొర్రబియ్యం మూట తప్ప ఏమీ లేదు. ఆమె ఆ గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "సరే, పండుకోనీ. నువ్వు రా."

చీర విప్పి బండ మీద బోర్లా పడుకున్నాను. నూనె చెయ్యి వీపు మీద పడగానే ఒళ్ళంతా బిగబట్టుకున్నాను. ఆమె ఏమీ పట్టించుకోలేదు. మడత ఎత్తి మడత కిందా, చంక కిందా, అంతా తన ఇల్లు తాను అలుక్కున్నట్టు రుద్దుకుంటూ పోయింది. రుద్దుతూ గుసగుసగా మాట్లాడేది, బిడ్డ లేస్తుందని.

"ఆడబిడ్డనా, మొగబిడ్డనా?"

"ఆడబిడ్డ."

"ఎవురి పోలిక?"

"వాళ్ళ నాయన పోలిక. సన్నగా ఉండాది."

ఆలోచించకుండా వచ్చింది ఆ మాట. బిడ్డను ఇయ్యి స్వామీ, నా ఒళ్ళు మాత్రం ఇయ్యొద్దు అని మొక్కుకున్నదాన్ని మరి. సిగ్గు లేకుండా ఇంకా చెప్పాను. పాలు బాగా తాగుతుందనీ, పొద్దున పూట ఏడుస్తుందనీ, వాళ్ళ నాయన గొంతు వింటే ఊరుకుంటుందనీ చెప్పాను. చెబుతుంటే నిజంగానే లోపల ఎవరో కదిలినట్టయింది. నేను చెవి పెట్టి విన్నాను. అబద్ధం నాదే, విన్నదీ నేనే.

"సన్నగా ఉంటే ఏంలేమ్మా, నేను రుద్దితే నెలలో ఊరుతాది" అంది ఆమె.

మా పల్లె ముసలామె మాట అది.

"ఇంగ తిరుగు" అంది.

వెల్లకిలా తిరిగాను. చేతులు భుజాల మీదినుంచి కిందికి వచ్చాయి. పొట్ట మీదికి వచ్చి ఆగాయి. ఎన్ని కడుపులు చూసిన చేతులో అవి. బిడ్డ దిగిన కడుపు ఎట్లా ఉంటుందో వాటికి నాకంటే బాగా తెలుసు. నాది లావు కడుపే కానీ ఎవరూ ఉండి పోయిన కడుపు కాదు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. లేచి చెయ్యి కడుక్కుని, "ఏందమ్మా ఈ నాటకం?" అంటుందనుకున్నాను. ఇంత పెద్ద ఒంటితో అంత చిన్నదాన్నయి పడుకోవడం నాకు అదే మొదలు.

ఆమె ఇంకాస్త ఆముదం చేతిలో పోసుకుని, బాలింతకు రుద్దినట్టే, పొట్టను పక్కలనుంచి మధ్యకు, కిందినుంచి పైకి, తొందరపడకుండా రుద్దింది. మాటలు మాత్రం ఆపేసింది. శనగపిండి రుద్ది, కాగు ఖాళీ అయ్యేదాకా వేడినీళ్ళు పోసింది. నడుము మీద ధారగా పోస్తుంటే అక్కడ బిగుసుకున్నది ఏదో వదిలింది. నేను లేచి తడి ఒంటి మీద చీర చుట్టుకుంటుంటే ఆమె మళ్ళీ బండ మీద కూర్చుంది. మళ్ళీ కాళ్ళు చాపింది.

ఇక చెప్పక తప్పదు. "బిడ్డ..." అన్నాను.

"బిడ్డ లేసిండాది లేమ్మా" అంది ఆమె. "రా. తల ఈడ పెట్టు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె తన మోకాళ్ళ మీద తట్టి చూపించింది.

"నేను బరువు..." అన్నాను.

"రమ్మంటే రా."

పోయి పడుకున్నాను. ఆ సన్నని కాళ్ళు విరుగుతాయేమోనని మెడ లేపి పట్టుకుంటే, నుదుటి మీద చెయ్యి వేసి తలను కిందికి అదిమింది. కుంకుడు రసం పోసి తల రుద్దింది. బిడ్డలకు చేసినట్టే ముక్కు రెండు వేళ్ళతో దిద్దింది, చెవుల వెనక తుడిచింది. చెంబులో నీళ్ళు నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి పారబోసి, "పోయిన దిష్టి పోనీ" అంది. ఆపైన నా మొహంలోకి వంగి చూసి, "ఎవురమ్మా సన్నగా ఉండాది అనింది?" అంది. "గుండుగా, బండ మాదిరి ఉండాది బిడ్డ."

నేను ఏడ్చాను. మెల్లగా ఏడవడం నాకు చేతకాదు, పెద్దగానే ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. బిడ్డలు నీళ్ళు పోస్తే ఏడుస్తారు కదా, ఆమెకు అది అలవాటే. ఆ తరువాత డాక్టర్ల చేతులు, నర్సుల చేతులు, ఎన్నో పడ్డాయి ఈ ఒంటి మీద. ఆ కాళ్ళ మీద పడుకోబెట్టడానికి నాకు బిడ్డ మాత్రం పుట్టలేదు. ఆ కాళ్ళ కోసం ఇప్పటికీ మనసు పీకుతుంది.

పోయే ముందు మూట విప్పి కాటుక బరిణె తీసింది. నా కుడి పాదం ఒళ్ళో పెట్టుకుని అరికాలి మధ్య ఒక చుక్క పెట్టింది. పురిటింటికి పోయినప్పుడు బిడ్డకు పెట్టకుండా రాదట.

నా పాదాలు చదును. నేల మీద ఎక్కడ పెట్టినా అరికాలంతా ఆనుతుంది. అందుకని ఆ చుక్క చెరిగిపోకుండా కుడి పాదం అంచు మీద నడిచాను, మూడు రోజులు, అంత ఒంటితో. "ముల్లు గుచ్చుకుందా?" అని మా ఆయన అడిగితే ఊఁ అన్నాను. చూడనీ, తీస్తానని కూర్చుంటే, వద్దని కాలు చీరలోకి లాక్కున్నాను.

నాలుగో రోజుకు నడుము మళ్ళీ పట్టేసింది. కుంటి నడకకు పట్టక ఏం చేస్తుంది. పొద్దున పాలామె వస్తే, మళ్ళీ ఆమెను రమ్మని చెప్పమన్నాను.

"ఈ తూరి ఏమని చెప్పల్ల? లావు సంగతి ఆయమ్మకు తెలిసిపాయె గదా" అంది పాలామె, పాలు కొలుస్తూ.

"బిడ్డ లేసి కూచుండాది, నీళ్ళు పోయల్లంట అని చెప్పు" అన్నాను.

పాలామె కొలిచే చెంబు అట్లాగే పట్టుకుని, నా భుజం మీదుగా ఖాళీ గదిలోకి చూసింది.